బ్లేరియో విమానం ముందున్న చెక్క

పాత చెక్క ప్రొపెల్లర్ ఎవరి పనితనమో తెలియాలంటే ముందు దాని మధ్యభాగం, అంటే హబ్ చూడాలి. ఇంజిన్ పేరు, హార్స్‌పవర్, వ్యాసం, పిచ్, నంబరు సాధారణంగా అక్కడే గుద్దేవాళ్లు. పిచ్ అంటే ఒక చుట్టు తిరిగితే ఎంత ముందుకు పోవాలన్న లెక్క, మరమేకుకి ఉన్నట్టే. అక్షరాలు అరిగిపోతే బోల్టు రంధ్రాలు, చెక్క పొరలు లెక్కపెడతారు, బ్లేడు అంచు వంపు చూస్తారు. అంచు కత్తిలా వంగి, 'ఎంటెగ్రాల్' అన్న ముద్ర ఉంటే అది ఫ్రాన్స్‌లో లూసియన్ షోవియేర్ చేసిన రకం. ఆ ముద్ర గురించి చదవబోయి నేను లూయీ బ్లేరియో జీవితంలోకి వెళ్లిపోయాను.

1872లో కాంబ్రేలో పుట్టాడు. ఇంజనీరింగ్ చదివి, కార్లకి హెడ్‌ల్యాంపులు చేసి బాగా సంపాదించాడు. అక్కడితో ఆగుంటే హాయిగా బతికేవాడు. విమానాల పిచ్చి పట్టింది. ఒకటి కట్టడం, పడిపోవడం, ఇంకోటి కట్టడం. మనం ప్రాజెక్టు ఫోల్డర్లకి వెర్షన్ నంబర్లు పెట్టుకున్నట్టు వాటికి నంబర్లు. ల్యాంపుల డబ్బూ, భార్య తెచ్చిన కట్నమూ దాదాపు అన్నీ అందులోనే పోయాయి.

11వ నంబరు 1909 జనవరిలో ఎగిరింది. కానీ దాని ఇంజిన్‌ని నమ్మడానికి లేదు. నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే: ఆ ఇంజిన్, దాని నాలుగు బ్లేడ్ల ప్రొపెల్లర్ రెండూ పీకేశాడు. మోటార్‌సైకిళ్ల ఇంజిన్లతో పేరు తెచ్చుకున్న ఆంజానీ దగ్గర 25 హార్స్‌పవర్ ఇంజిన్, షోవియేర్ దగ్గర రెండు బ్లేడ్ల ప్రొపెల్లర్ తీసుకున్నాడు. వాల్‌నట్ చెక్క పొరల్ని జిగురుతో అతికి, తర్వాత చెక్కిన ప్రొపెల్లర్ అది. శ్రీసిటీ నుంచి శ్రీకాళహస్తి దాటి వెళ్తే వచ్చే మాధవమాలలో కొయ్యబొమ్మ ఒకే దుంగలోంచి రావచ్చు, అది కదలదు కాబట్టి సరిపోతుంది. నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగే చెక్క ఒంపు తిరిగినా, చీలినా మనిషి మిగలడు. అందుకే పొరలు. రైట్ సోదరుల ప్రొపెల్లర్‌కి దీటుగా యూరప్‌లో వచ్చిన మొదటిది ఇదే అంటారు.

ఇంగ్లిష్ ఛానెల్ దాటినవాళ్లకి ఒక లండన్ పత్రిక వెయ్యి పౌండ్లు ప్రకటించింది. జూలై 19న లాథమ్ బయల్దేరి సముద్రంలో పడ్డాడు. బ్లేరియో కాలు అప్పటికే ఇంజిన్ వేడికి కాలిపోయి, ఊతకర్రలతో నడుస్తున్నాడు. 25న తెల్లవారుజామున 4:41కి లేచాడు. దిక్సూచి లేదు. మధ్యలో పది నిమిషాలు చుట్టూ నీళ్లే, ఒడ్డు కనపడలేదు. సుమారు 37 నిమిషాలకి డోవర్ కోట పక్కన ధబ్బున దిగాడు. చక్రాల చట్రం దెబ్బతింది, ప్రొపెల్లర్ బ్లేడు ఒకటి విరిగింది. ఆయనకి ఏమీ కాలేదు.

వందకి పైగా విమానాలకి ఆర్డర్లు వచ్చాయి. 1910 మార్చిలో మన పక్కనే మద్రాసులో, హోటల్ నడిపే డాంజెలిస్ అనే ఆయన తన విమానం ఎగరేశాడు. డెపర్‌డుస్సాన్ కంపెనీ మునిగితే బ్లేరియో మరికొందరితో కలిసి తీసుకున్నాడు. అదే స్పాడ్. యుద్ధం చివర్లో దాని ఇంజిన్లు 220 హార్స్‌పవర్‌కి చేరాయి. హబ్ మీద 25 నుంచి 220కి రావడానికి పదేళ్లు కూడా పట్టలేదు.

బ్లేరియో 1936 ఆగస్టు 1న పోయాడు. ఛానెల్ దాటిన ఆ 11వ నంబరు విమానం పారిస్‌లో, ఒకప్పుడు చర్చిగా ఉన్న మ్యూజియం హాల్లో పైనుంచి వేలాడుతోంది.