వీధిలోని ముఖములు: పాల్ స్ట్రాండ్ జీవితము

1917వ సంవత్సరము జూన్ నెలలో న్యూయార్కు నగరమునుండి కెమెరా వర్క్ అను పత్రిక తుది సంచిక వెలువడెను. ఛాయాచిత్రమునకు చిత్రకళతో సమానమైన గౌరవము సంపాదింపవలెనను పట్టుదలతో 1903లో ప్రారంభమైన పత్రిక అది. నాటికి దాని చందాదారులు నలువదిమందికి లోపు పడిపోయిరి. ఆ కడపటి సంచికను సంపాదకుడు ఇరువదియారేండ్ల యువకు డొకని చిత్రములకే అంకితము చేసెను. ఆ పదునొకండు చిత్రములలో ఒకటి చూచువారిని నేటికిని నిలువరించుచున్నది. రాతిగోడ ముందు ఒక స్త్రీ, నల్లని దుస్తులు, మెడలో తాను అంధురాలనని పెద్ద అక్షరములతో తెలుపు పలక, దానిపైన, వీధిలో అమ్ముకొనుటకు నగరపాలకు లిచ్చిన అనుమతి బిళ్ళ, బిళ్ళమీద 2622 అను సంఖ్య. ఒక కన్ను మూతపడినది, మరియొకటి ప్రక్కకు తిరిగియున్నది. ఆమె బిళ్ళ సంఖ్య లోకమునకు తెలిసినది గాని పేరు తెలియలేదు. తన చిత్రము తీయబడుచున్నదని ఆమెకును తెలియలేదు.

ఆ యువకుడు పాల్ స్ట్రాండ్. 1890వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన న్యూయార్కులో జన్మించెను. పూర్వులు బొహీమియానుండి వచ్చిన యూదులు. పండ్రెండవ యేట తండ్రి ఒక కెమెరాను కానుకగా నిచ్చెను. ఆ వయసులో కెమెరా లభించిన బాలురు అనేకు లుందురు. స్ట్రాండునకు లభించిన నిజమైన భాగ్యము అతని పాఠశాల. 1904లో అతడు ఎథికల్ కల్చర్ పాఠశాలలో చేరెను. అచట ప్రకృతి శాస్త్రము చెప్పు లూయీ హైన్ అను ఉపాధ్యాయుడు విద్యార్థులకు ఛాయాగ్రహణము కూడ నేర్పుచుండెను. గనులలోను మిల్లులలోను పనిచేయు పసిబిడ్డల చిత్రములు తీసి అమెరికా ప్రజల మనస్సులను తరువాత కలచివైచిన హైన్ ఈయనయే. ఒకనాడు ఆయన తన శిష్యులను ఫిఫ్త్ ఎవెన్యూలో 291వ సంఖ్యగల చిన్న ప్రదర్శనశాలకు తీసికొనిపోయెను. దానిని నడుపువాడు కెమెరా వర్క్ సంపాదకుడైన ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్. గోడలమీది చిత్రములను చూచి స్ట్రాండ్ తన బ్రతుకుతెరువును అచటనే నిశ్చయించుకొనెను. హైన్ చేసినది దీర్ఘమైన ఉపన్యాసము కాదు. పిల్లలను వెంటబెట్టుకొని పోయి ఒక గది చూపుట మాత్రమే.

1909లో చదువు ముగిసెను. స్ట్రాండ్ తండ్రి వ్యాపారములో కొంతకాలము పనిచేసి, 1911లో యూరపు చూచివచ్చి, కళాశాల విద్యార్థుల చిత్రములు తీయుచు జీవనము సాగించెను. ఆ దినములలో కళాత్మకమైన ఛాయాచిత్రమనగా మంచు కప్పినట్లు మసకగా నుండవలెనను అభిప్రాయము బలముగా నుండెను. అందుకై ప్రత్యేకమైన కటకములు అమ్మబడుచుండెను. స్ట్రాండ్ కూడ వాని మోజులో పడెను. అయితే అతనికొక మంచి అలవాటున్నది. కొంత కొంత కాలమున కొకసారి తాను తీసిన చిత్రములను కట్టగట్టుకొని 291కు పోయి స్టీగ్లిట్జ్ ముందు పరచుచుండెను. క్లారెన్స్ వైట్, గెర్ట్రూడ్ కేజ్‌బియర్ మొదలగు పేరుపొందినవారికిని చూపెను. కాని వారందరికంటె స్టీగ్లిట్జ్ మాటలే అతనికి పనికివచ్చెను.

ఆ మాటలు మెత్తనివి కావు. మసక కటకము చిత్రము నంతటిని ఒకటిగా కలిపి చూపుననుట నిజమే. కాని అది వస్తువులన్నింటిని ఒకే పదార్థముతో చేసినట్లు చూపునని ఆయన దోషము పట్టెను. గడ్డి నీటివలె నుండును. నీరు చెట్టు బెరడువలె నుండును. దేని స్వభావము దానికి మిగులదు. కటకపు ద్వారమును బాగుగ చిన్నది చేయుమని, అప్పుడు దగ్గరిదియు దూరముదియు స్ఫుటముగా పడునని, పిమ్మట ఆ స్ఫుటత్వములోనే చిత్రమునకు కూర్పు సాధింపుమని ఆయన సలహా. చెప్పుటకిది చిన్న మాట. ఆచరించుటకు అంతవరకు నేర్చిన అందమంతయు వదలుకొనవలసివచ్చెను. మసక తొలగినచో దాగుటకు తావుండదు. స్ట్రాండ్ వాదింపలేదు, అలుగలేదు. ఇంటికిపోయి తిరిగి పనిచేసెను. ఈ రాకపోకలు కొన్ని సంవత్సరములు సాగెను.

1915లో అతడు తెచ్చిన కట్టను విప్పి చూచిన స్టీగ్లిట్జ్, ప్రదర్శనశాల తలుపులు అతనికి తెరచియున్నవని చెప్పెను. ఆ చిత్రములలో వాల్ స్ట్రీట్ ఒకటి: మోర్గాన్ బ్యాంకు భవనపు నల్లని మహా గవాక్షములు, వాని క్రింద ఉదయపు ఎండలో నీడలు వెనుక నీడ్చుకొని పోవు చిన్న చిన్న మనుష్యులు. వారిలో ఎవరును కెమెరా కొరకు నిలువలేదు. 1916 మార్చిలో 291లో స్ట్రాండ్ ప్రదర్శన జరిగెను.

ఆ సంవత్సరమే అతడు వీధులకు మరింత దగ్గరగా పోదలచెను. దూరమునుండి తీసినచో మనిషి చీమవలె నుండును; దగ్గరకు పోయినచో తన ముఖమును సవరించుకొనును. ఈ చిక్కునకు అతడు పన్నిన ఉపాయము విచిత్రమైనది. చేతి కెమెరా ప్రక్కను తళతళలాడు ఒక ఇత్తడి కటకపు గొట్టమును బిగించెను. అది వట్టి బూటకము. చూచువారికి అతడు మరెటో గురిపెట్టినట్లుండును. చంక క్రింద సగము మరుగైన అసలు కటకము వారినే చూచుచుండును. ఈ సాధనముతో అతడు ఫైవ్ పాయింట్స్ మొదలగు పేదల పేటలలో తిరిగి, వృద్ధులను, బరువైన బ్రతుకులు మోయు స్త్రీలను, చివరకు ఆ అంధురాలిని చిత్రించెను.

ఇందొక చిక్కు ప్రశ్న కలదు. ఎదుటివానికి తెలియకుండ వాని ముఖమును గైకొనుట న్యాయమా? అందులోను చూపులేని స్త్రీ విషయమున బూటకపు కటకముతో పనియేమి? ఆమె ఎటులను చూడజాలదు. ఆ ఉపాయము చుట్టునున్నవారి కన్నులు కప్పుటకే ఉపకరించియుండును. మనుష్యులు తమ్ము తాము మరచియున్నపుడే వారి నిజస్వరూపము కానవచ్చుననియు, తాను వారిని వాడుకొనలేదనియు స్ట్రాండ్ తరువాతి కాలమున సమర్థించుకొనెను. చిత్రములు అతని పక్షముననే సాక్ష్యము చెప్పును. వానిలో హేళన లేదు, జాలిని అమ్ముకొనుట లేదు. అయినను ప్రశ్న పూర్తిగా తీరదు. 1930 ప్రాంతమున ఆ అంధురాలి చిత్రమును న్యూయార్కు గ్రంథాలయములో చూచి కదలిపోయిన వాకర్ ఎవాన్స్ అను యువకుడు, 1938 మొదలు 1941 వరకు భూగర్భ రైళ్ళలో కోటు క్రింద కెమెరా దాచి ప్రయాణికులను చిత్రించెను. ఆ చిత్రములను పుస్తకముగా ప్రకటించుటకు అతడు 1966 వరకు ఆగెను.

స్ట్రాండ్ ఆ పద్ధతిలో ఎక్కువకాలము నిలువలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున సైన్యపు వైద్యశాఖలో ఎక్స్‌రే పని చేసెను. 1920లో చార్లెస్ షీలర్ అను చిత్రకారునితో కలిసి మన్‌హట్టా అను చిన్న చలనచిత్రము తీసెను. పిదప చాలకాలము చలనచిత్రపు కెమెరాయే అతనికి కూడు పెట్టెను. 1932లో స్టీగ్లిట్జ్ నడుపు మరియొక ప్రదర్శనశాలలో ప్రదర్శనమైన పిమ్మట, దాని తాళపుచెవి తిరిగి ఇచ్చివేసి వెడలిపోయెను. గురువునకు కళయే సర్వస్వము. శిష్యుని మనస్సు శ్రమజీవుల రాజకీయమువైపు మరలియుండెను. దోషము చూపిన గురువును వదలిపోవుట కృతఘ్నత యనువారుండవచ్చును. కాని తన కన్నులతో చూడుమని నేర్పినవాడు, శిష్యుడు వేరొక దిక్కు చూచినచో నొచ్చుకొనరాదు.

మెక్సికోలో 1932 మొదలు 1934 వరకుండి, అచటి గ్రామీణులను మరల వారికి తెలియకుండనే, ఈ మారు కటకము ముందు పట్టకము అమర్చి తీసెను. ఆ పిమ్మట మరుగు క్రమముగా తొలగెను. అమెరికాలో వామపక్ష భావములు గలవారిపై అనుమానములు ముదురుచున్న కాలమున, 1950లో, ఫ్రాన్సునకు తరలిపోయెను. 1953లో ఇటలీలోని పో నదీతీరమున లుజ్జారా అను గ్రామమునకు పోయెను. అది రచయిత జవత్తీని జన్మస్థలము; వారిరువురి పుస్తకము 1955లో వెలువడెను. అందు ఒక ఇంటి గుమ్మమున తల్లియు, ఆమె చుట్టు అయిదుగురు కుమారులును ఉన్న చిత్రము కలదు. కెమెరా త్రికోణపు కాళ్ళమీద బహిరంగముగా నిలిచియున్నది. తమ్మెవరు తీయుచున్నారో వారికి తెలియును. అయినను ఆ ముఖములలో సవరింపు లేదు. ఫైవ్ పాయింట్స్‌లో బూటకపు గొట్టముతో వెదకినదానిని అతడిచట, గుమ్మము ముందు ఓపికగా నిలిచి, అడిగి పొందెను.

స్కాట్లండు ద్వీపములు, ఈజిప్టు, ఘానా దేశములు తిరిగి పుస్తకములు ప్రకటించెను. వార్ధక్యమున దూరప్రయాణములు మాని, ఫ్రాన్సులోని ఓర్జెవాల్ గ్రామమున తన ఇంటి తోటలోని తీగలను, కొమ్మలను చిత్రించుచుండెను. 1976వ సంవత్సరము మార్చి 31వ తేదీన అచటనే మరణించెను. ఆ తోట చిత్రముల సంపుటము అదే సంవత్సరము వెలువడెను; అందలి ఆకులు ఆకులుగనే యున్నవి, బెరడు బెరడుగనే యున్నది.