చార్లెస్ రెన్నీ మాకింతోష్

చార్లెస్ రెన్నీ మాకింతోష్ (1868 జూన్ 7 - 1928 డిసెంబరు 10) స్కాట్లండుకు చెందిన ప్రసిద్ధ వాస్తుశిల్పి, చిత్రకారుడు. గ్లాస్గో నగరంలో ఈయన రూపొందించిన కట్టడాలలో గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్ ఎక్కువ పేరు పొందినది. అయితే ఈయన పనితనాన్ని నేటికీ చెక్కుచెదరకుండా చూడగలిగిన చోటు అదే నగరంలోని స్కాట్లండ్ స్ట్రీట్ పాఠశాల.

బాల్యము, విద్య

మాకింతోష్ గ్లాస్గోలోని టౌన్‌హెడ్ ప్రాంతంలో, పార్సన్ వీధిలో జన్మించాడు. పదకొండు మంది సంతానంలో ఈయన నాలుగవవాడు. తండ్రి పోలీసు శాఖ ఉద్యోగి. పదిహేనేళ్ళ వయసు నుండే గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో సాయంకాలపు తరగతులకు వెళ్ళేవాడు. 1889లో హనీమన్ అండ్ కెప్పీ అనే సంస్థలో చేరాడు. విద్యార్థి వేతనం లభించగా 1891లో ఇటలీ పర్యటించాడు.

సంస్థలో సహాయకుడుగా ఉన్న రోజులలోనే, తాను పుట్టిన పార్సన్ వీధిలోనే మార్టైర్స్ పాఠశాలకు (1895-98) రూపకల్పన చేశాడు. ఈయన మొదటి ముఖ్యమైన పనులలో ఇది ఒకటి. 1896లో స్కూల్ ఆఫ్ ఆర్ట్ నూతన భవనానికి జరిగిన పోటీలో ఈయన నమూనా ఎంపికైంది. ధనాభావం వలన ఆ భవనం రెండు విడతలుగా సాగి 1909లో పూర్తయింది. 1900లో చిత్రకారిణి మార్గరెట్ మాక్డొనాల్డ్‌ను వివాహమాడాడు. అదే సంవత్సరం వియన్నా నగరంలో జరిగిన ప్రదర్శన ద్వారా ఈ దంపతుల పేరు ఐరోపాలో వ్యాపించింది. సొంత ఊరిలో కంటే అక్కడే ఎక్కువ ఆదరణ దొరికిందని చెప్పవచ్చు.

స్కాట్లండ్ స్ట్రీట్ పాఠశాల

గ్లాస్గో పాఠశాలల బోర్డు 1903లో ఈ పనిని అప్పగించింది. 1906లో ఎర్రని ఇసుకరాతి కట్టడం పూర్తయింది. సుమారు 1250 మంది పిల్లలకు సరిపడేలా దీనిని కట్టారు. బాలురకు, బాలికలకు, పసిపిల్లలకు వేర్వేరు ద్వారాలు ఉన్నాయి.

షీల్డ్స్ రోడ్ భూగర్భ రైలు స్టేషన్ నుండి బయటికి రాగానే ఎదురుగా ఈ భవనపు రెండు మెట్ల బురుజులు కనిపిస్తాయి. పాత స్కాట్లండు కోటలలో మెట్ల బురుజులంటే మందపాటి గోడలు, సన్నని కిటికీలు, లోపల చీకటిలో మెలికలు తిరిగే మెట్లు. మాకింతోష్ ఆ ఆకారాన్నే తీసుకొని, గోడ స్థానంలో దాదాపు పూర్తిగా గాజు నింపాడు. మెలికల మెట్లకు బదులు తిన్నని మెట్లు పెట్టాడు. ఒక బురుజు బాలురకు, మరొకటి బాలికలకు. సూర్యుని వెలుగు తక్కువగా ఉండే ఆ ఊరిలో, పిల్లలు మెట్లెక్కే చోటికి ఇంత వెలుగు రప్పించడం చూపరులను నిలబెట్టేస్తుంది.

ఖర్చుల విషయంలోనూ, అలంకరణల విషయంలోనూ బోర్డుకు, ఈయనకు తగాదాలు వచ్చాయి. తాను అనుకున్న చిన్న వివరాన్ని కూడా వదులుకోవడానికి ఈయన ఇష్టపడేవాడు కాదు. ప్రజాధనానికి జవాబుదారీ అయిన బోర్డు పట్టుదలను కూడా పూర్తిగా తప్పుపట్టలేము. గ్లాస్గోలో ఈయనకు కొత్తగా దక్కిన పెద్ద పనులలో ఇదే చివరిది.

చివరి దశ

క్రమంగా పనులు తగ్గాయి. మద్యపానం, మానసిక కుంగుబాటు ఈయనను చుట్టుముట్టాయి. 1913లో భాగస్వామ్యం వదులుకొని, మరుసటి ఏడు ఇంగ్లండు తీరంలోని వాల్బర్స్‌విక్ గ్రామానికి వెళ్ళాడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన రోజులవి. వియన్నా మిత్రులతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాల వలన ఈయనను గూఢచారిగా అనుమానించారు. తరువాత లండన్ చేరినా పెద్ద నిర్మాణాలు దొరకలేదు. 1923 నుండి దక్షిణ ఫ్రాన్సులో నీటిరంగుల చిత్రాలు వేస్తూ గడిపాడు. నాలుక కాన్సరు సోకి 1927లో లండన్ తిరిగివచ్చి, మరుసటి ఏడు మరణించాడు. 1933లో మార్గరెట్ మరణించినపుడు వారి స్టూడియోలలో మిగిలిన వస్తువులన్నిటికీ కట్టిన వెల సుమారు 88 పౌండ్లు.

కట్టడాల స్థితి

స్కూల్ ఆఫ్ ఆర్ట్ గ్రంథాలయం 2014 మే 23న అగ్నిప్రమాదంలో కాలిపోయింది. పునరుద్ధరణ సాగుతుండగానే 2018 జూన్ 15న మరోసారి మంటలు చెలరేగి భవనం లోపలి భాగాన్ని దాదాపుగా నాశనం చేశాయి. స్కాట్లండ్ స్ట్రీట్ పాఠశాల కథ వేరు. చుట్టుపక్కల ఇళ్ళు కూల్చి పెద్ద రహదారి వేయడంతో పిల్లల సంఖ్య వందలోపుకు పడిపోయి, 1979లో బడి మూతపడింది. 1990లో దీనిని మ్యూజియంగా తెరచి, పాతకాలపు తరగతి గదులను సందర్శకుల కోసం తిరిగి అమర్చారు.