పార్టీ గుర్తు లేని మనిషి: గోరా

మన బెజవాడ బెంజ్ సర్కిల్ మీదుగా రోజూ ఎన్ని కాలేజీ బస్సులు వెళ్తాయో లెక్కే లేదు. ఆ దగ్గర్లోనే నాస్తిక కేంద్రం ఉందని చాలామందికి తెలుసు. దాన్ని పెట్టిన గోరా గారు దేవుడు లేడన్నారనీ తెలుసు. కానీ ఆయన రాజకీయ పార్టీలు కూడా వద్దన్నారని మనలో ఎంతమందికి తెలుసు? నాకూ మొన్నమొన్నటిదాకా తెలీదు. మొదటిసారి ఓటేసే వయసులో ఉన్నాం కదా, ఆయన కథ ఒకసారి చెప్పుకుందాం.

గోరా అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. 1902 నవంబర్ 15న గంజాం జిల్లా ఛత్రపురంలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం చదివి లెక్చరర్ అయ్యారు. మదురై, కొలంబో, కాకినాడ, బందరు... చాలా ఊళ్లలో పాఠాలు చెప్పారు. నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది. చివరికి ఉద్యోగాలే మానేసి, 1940లో భార్య సరస్వతి గారితో, పిల్లలతో కృష్ణా జిల్లా ముదునూరు చేరి నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు. సహపంక్తి భోజనాలు, అంటరానితనం మీద పోరాటం అక్కడ రోజువారీ పని. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లారు. 1944లో సేవాగ్రాం వెళ్లి గాంధీతోనే దేవుడి గురించి చర్చ పెట్టుకున్నారు. 1947లో కేంద్రాన్ని బెజవాడకు మార్చారు.

ఆయన పిల్లల పేర్లు వింటే భలే ఉంటుంది. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుకు లవణం. ఎన్నికల్లో కాంగ్రెస్ గెలుపుకి గుర్తుగా ఇంకో కొడుకు విజయం. ఒక పార్టీ గెలిచిందని కొడుక్కి పేరు పెట్టుకున్న మనిషే, స్వాతంత్ర్యం వచ్చాక అసలు పార్టీలే వద్దన్నారు. ఎందుకని?

ఓటు మనదే, కానీ ఎవరెవరు నిలబడాలో పార్టీ ముందే తేల్చేస్తుంది. గెలిచినవాడు తనకి టికెట్ ఇచ్చినవాళ్ల వైపు చూస్తాడు, ఓటేసినవాళ్ల వైపు కాదు. సభలో అధికారపక్షం ఏం చేసినా దాని సభ్యులు చెయ్యెత్తాలి, ప్రతిపక్షం కాదనాలి. అందుకే గోరా పార్టీరహిత ప్రజాస్వామ్యం కావాలన్నారు. అభ్యర్థి ప్రజల మనిషిగా నిలబడాలి, సభలో మనస్సాక్షి ప్రకారం ఓటెయ్యాలి. అదీ ఆయన కోరింది.

చెప్పి ఊరుకోలేదు. 1952లో, మళ్లీ 1967లో పార్టీ లేని అభ్యర్థిగా పోటీ చేశారు. రెండుసార్లూ ఓడిపోయారు. 1952లో విజయవాడ లోక్‌సభకి గెలిచిన హరీంద్రనాథ్ చటోపాధ్యాయ కూడా కాగితం మీద స్వతంత్రుడే, కాకపోతే ఆయన వెనక కమ్యూనిస్టులున్నారు. స్వతంత్రుడికీ పార్టీరహితుడికీ తేడా అక్కడే తెలుస్తుంది. 1961-62లో గోరా సేవాగ్రాం నుంచి ఢిల్లీకి 99 రోజులు, దాదాపు 1,100 మైళ్లు నడిచారు. మంత్రులు ఆడంబరం మానాలి, పార్టీలు పోవాలి అన్నవే ఆ నడకలో ఆయన డిమాండ్లు.

1975 జులై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూనే కన్నుమూశారు. అప్పటికి దేశంలో ఎమర్జెన్సీ వచ్చి నెలే అయింది.

ఆయన కోరినదానికి దేశం ఎదురుదారిలో నడిచింది. 1985 ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్ ధిక్కరిస్తే సభ్యత్వానికే ఎసరు. ఆ చట్టం రాకపోతే గోడ దూకుళ్లు ఎక్కడిదాకా పోయేవో, అదీ నిజమే. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం మాత్రం 1936 నుంచి పార్టీ పేరు లేకుండానే శాసనసభ్యుల్ని ఎన్నుకుంటోంది. కాలిఫోర్నియాలో 2012 నుంచి చాలా పదవులకి అన్ని పార్టీల వాళ్లూ ఒకే ప్రాథమిక ఎన్నికలో దిగుతారు, ఓటరు ఎవరికైనా ఓటెయ్యొచ్చు, మొదటి ఇద్దరు తుదిపోరుకి వెళ్తారు.

అంత దూరం ఎందుకు, మన ఊరి సర్పంచ్ ఎన్నికకీ పార్టీ గుర్తులుండవు. ఉంగరమో కత్తెరో ఉంటుంది. అయినా ఏ గుర్తు వెనక ఏ పార్టీ ఉందో ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు! అంటే బ్యాలెట్ మీద గుర్తు తీసేస్తే సరిపోదు, మన బుర్రలోంచి కూడా పోవాలి. గోరా ఓడిపోయింది బహుశా అక్కడే. ఈసారి ఓటేసేముందు ఒక్కసారి పార్టీ గుర్తు చేత్తో మూసి, పక్కనున్న మనిషి పేరు చదువుదాం. ఆ మనిషి గురించి మనకేం తెలుసో అప్పుడు తెలుస్తుంది.