విశ్వేశ్వరయ్యగారి ఆర్థిక మహాసభ

ఒక నగరము పరిశ్రమలకు నెలవగుటకు ముడిసరకు, మూలధనము, విద్య, విద్యుచ్ఛక్తి అను నాలుగును ఒక్కచోట కలియవలెను. ఇవి తమంతట తాము కలియుట అరుదు. సరకున్నవానికి విద్య యుండదు, విద్యగలవానికి ధనముండదు, ధనవంతుడు వడ్డీవ్యాపారమును విడిచి యంత్రములపై సొమ్ము పెట్టుటకు జంకును. వీరిని ఒక్క పనికి కూర్చి ఏండ్ల తరబడి ఓర్పుతో నడుపగల స్థిరమైన సంస్థ యొకటి కావలెను. ఈ సత్యమును మనదేశమున అందరికంటె ముందుగా గుర్తించి, ఆచరణమున పెట్టినవారిలో మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు అగ్రగణ్యులు. మన ప్రజలు వారిని ఆనకట్టలు కట్టిన ఇంజనీరుగా ఎరుగుదురు. వారు నెలకొల్పిన ఆర్థిక మహాసభను ఎరిగినవారు కొలదిమందియే.

విశ్వేశ్వరయ్యగారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండమునుండి మైసూరు సీమకు తరలిపోయిన తెలుగువారు. వారి యింటిభాష తెలుగే. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. చిక్కబళ్లాపురము చెంతనున్న ముద్దెనహళ్లిలో 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీని విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. చిన్నతనముననే తండ్రి గతించుటచే కుటుంబము కష్టములపాలయ్యెను. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదువుకొను దినములలో వారు ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి కాలము గడుపుకొనిరి. 1881లో బి.ఏ. పరీక్షయందు కృతార్థులై, మైసూరు ప్రభుత్వ మిచ్చిన విద్యార్థివేతనముతో పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథములుగా ఉత్తీర్ణులైరి. మరుసటి యేట బొంబాయి ప్రభుత్వపు మరామత్తు శాఖలో సహాయ ఇంజనీరుగా ప్రవేశించిరి.

ఆ కొలువులో వారు సింధు దేశమునందలి సుక్కూరునకు నీటివసతి కల్పించిరి. 1903లో పూనా యొద్ద ఖడక్‌వాసలా జలాశయమునకు వరదలో తమంతట తాము తెరచుకొను తలుపులు అమర్చిరి. వారి భావములను మలచిన ఘటన వేరొకటి కలదు. 1898లో వారు జపాను దేశమును సందర్శించిరి. వెనుకబడిన యొక ఆసియా దేశము పాఠశాలలను, పనిశాలలను జతపరచి, ఒక్క తరములో పాశ్చాత్యులతో పోటీకి నిలిచిన విధమును కన్నులార చూచిరి. ఆ దృశ్యము వారి మనస్సును విడువలేదు.

1908లో వారు బొంబాయి కొలువునుండి విరమించిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. నిజాము ప్రభుత్వము పిలువగా విశ్వేశ్వరయ్యగారు వచ్చి, మూసీపైనను దాని యుపనది యగు ఈసీపైనను నగరమునకు ఎగువను జలాశయములు కట్టవలెనని ప్రణాళిక నొసగిరి. ఆ సలహా ననుసరించియే 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును పూర్తియయ్యెను. నగరమునకు వరదభయము తగ్గుటయే కాక త్రాగునీరును సమకూడెను.

1909లో మైసూరు మహారాజగు నాలుగవ కృష్ణరాజ ఒడెయరుగారు వారిని తమ సంస్థానమునకు చీఫ్ ఇంజనీరుగా రప్పించుకొనిరి. మైసూరునకు అదివరకే కొన్ని అనుకూలములు గలవు. దివాను శేషాద్రి అయ్యరుగారి కాలమున మొదలిడిన శివసముద్రపు విద్యుచ్ఛక్తి 1902నుండి కోలారు బంగారు గనులకు అందుచుండెను. బెంగుళూరులో తాతాగారి సంకల్పమున పుట్టిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు 1909లో ఏర్పడెను. పట్టు, చందనము, ఇనుపరాయి పుష్కలముగా గలవు. లేనిదెల్ల వీనిని ఒక్కతాట నడపు నాథుడు.

ఆ లోపమును తీర్చుటకై విశ్వేశ్వరయ్యగారి ప్రోద్బలమున 1911లో మైసూరు ఎకనామిక్ కాన్ఫరెన్సు అను ఆర్థిక మహాసభ వెలసెను. ఉద్యోగులతోపాటు రైతులు, వర్తకులు, విద్యావంతులు అందు సభ్యులుగా కూర్చుండిరి. వ్యవసాయము, విద్య, పరిశ్రమ వాణిజ్యములు అని మూడు విషయములకు మూడు సంఘములు ఏర్పడెను. జిల్లాలలోను సంఘములు వెలసెను. ఏ సీమలో ఏ వృత్తి క్షీణించుచున్నది, ఏ సరకు పరదేశమునకు ముడిగా పోవుచున్నది, ఏ విద్య నేర్పినచో ఏ చేతులకు పని దొరకును అని విచారించి, లెక్కలు సేకరించి, ప్రభుత్వమునకు నివేదించుట వాని విధి. నేడు ప్రాంతీయాభివృద్ధి సంస్థలని మనము పిలుచువాని ముఖ్యలక్షణము లన్నియు ఈ సభయందు కనబడును. ప్రజలకు చేయవలసిన మేలును ప్రజలతో కూర్చుండి నిర్ణయింపవలెనను సూత్రము ఆ కాలపు సంస్థానములలో అరుదు.

1912లో విశ్వేశ్వరయ్యగారు దివానులైరి. ఆలోచనకు అధికారము తోడయ్యెను. 1913లో మైసూరు బ్యాంకు స్థాపితమై వ్యాపారులకు పెట్టుబడి నొసగజొచ్చెను. ఆ యేడే హెబ్బాళమున వ్యవసాయ పాఠశాల తెరవబడెను. 1916లో మైసూరు విశ్వవిద్యాలయమును, వర్తక సంఘమును, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కాలేజీయును వెలసెను. పట్టుపురుగుల పెంపకమును బాగుపరచుటకు ఇటలీ దేశపు నిపుణుని రప్పించి చన్నపట్టణమున క్షేత్రము నెలకొల్పిరి. బ్యాంకు, బడి, కార్మాగారము ఒకదానినొకటి పోషించునట్లు ఏర్పరచుటయే వారి నేర్పు.

ఈ యేర్పాటు ఫలించిన తీరును చందనపు నూనె చక్కగా చూపుచున్నది. అదివరకు మైసూరు చందనము ముడికట్టెగా విదేశములకు, ముఖ్యముగా జర్మనీకి పోయి, అచట నూనెగా మారుచుండెను. 1914లో యుద్ధము రాగా కొనువారు లేక సంస్థానమునకు పెద్ద నష్టము సంభవించెను. అంతట పరిశ్రమల శాఖాధిపతి ఛాటర్టను దొరగారి ప్రేరణచే సైన్సు ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులగు సడ్‌బరో, వాట్సను అనువారు నూనె తీయు పద్ధతిని పరిశోధించిరి. 1916లో బెంగుళూరున నూనె కార్ఖానా మొదలయ్యెను. ఆ నూనె ఆధారముగా మైసూరు చందనపు సబ్బు పుట్టెను. అడవి ప్రభుత్వముది, శాస్త్రము విద్యాపీఠముది, పూచీ సంస్థానముది. మూడును కలిసినందున పరదేశమునకు పోవు లాభము ఇంట నిలిచెను.

అన్ని పనులును ఇంత సులభముగా ఫలింపలేదు. భద్రావతి యినుప కర్మాగారమునకు బొగ్గు దూరమగుటచే అడవికట్టెల బొగ్గునే ఆధారము చేసికొనిరి. 1923లో ఉత్పత్తి మొదలగునప్పటికి యుద్ధకాలపు ధరలు పడిపోయి యుండెను. నష్టములు పెరిగెను, విమర్శకులు లేచిరి. దివానుగిరి విడిచిన విశ్వేశ్వరయ్యగారే పాలకమండలికి అధ్యక్షులై 1929వరకు దానిని నిలబెట్టిరి. ఆ పనికై తమకు రావలసిన వేతనమును బెంగుళూరులో వృత్తివిద్యాలయము నెలకొల్పుటకు ధారపోసిరి.

వారు దివానుగిరి విడిచిన కారణమును మరుగుపరచుట న్యాయము కాదు. కొత్త కాలేజీల ఫలములు, ఉద్యోగములు చాలవరకు ఒకటి రెండు వర్ణములవారికే అందుచున్నవని తక్కిన ప్రజలు మొరపెట్టుకొనిరి. 1918లో మహారాజు సర్ లెస్లీ మిల్లరుగారి అధ్యక్షతను ఒక సంఘమును నియమించిరి. వెనుకబడిన వర్గములకు ఉద్యోగములలోను, విద్యార్థివేతనములలోను ప్రత్యేకావకాశములు కల్పింపవలెనని ఆ సంఘము సిఫారసు చేసెను. విశ్వేశ్వరయ్యగారు యోగ్యతయే ప్రమాణమని నమ్మినవారు. ఈ పద్ధతికి సమ్మతింపక ఆ సంవత్సరాంతమున తప్పుకొనిరి. వారి నిష్ఠను గౌరవింపవలసినదే. అయినను మొరపెట్టిన ప్రజలపక్షమునను న్యాయము కలదు. పల్లెలలోని బాలునకు బడి తలుపు తెరువక మునుపు యోగ్యతను తూచుట త్రాసు సరిచూడక సరకు తూచుటవంటిది. సమస్త ప్రజల బుద్ధిబలమును వినియోగించుకొనని సంస్థ సగము శక్తితోనే పనిచేయును. ఆ మహనీయుని కృషిలో పూరింపవలసి మిగిలిన వెలితి యిదియే.

తరువాతి కాలమున బెంగుళూరు పొందిన వృద్ధి అంతయు వారొక్కరివలననే కలిగినదనుట అతిశయోక్తి. మీర్జా ఇస్మాయిలుగారి దివానుగిరియు, స్వాతంత్ర్యానంతరము కేంద్రప్రభుత్వము పెట్టిన పెట్టుబడులును అందుకు తోడ్పడెను. 1940లో విమాన కర్మాగారము, 1948లో టెలిఫోనుల పరిశ్రమ, 1954లో భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థ అచట వెలసెను. 1976లో రాష్ట్రప్రభుత్వము స్థాపించిన కియోనిక్సు అను సంస్థ ఎలక్ట్రానిక్ సిటీని నిర్మించెను. వచ్చిన ప్రతి పరిశ్రమకును ఇంజనీర్లు, నేర్పరులగు పనివారు, శాస్త్రజ్ఞులు చేరువనే దొరకుట మాత్రము పూర్వపు విత్తనముల ఫలమే. మైసూరు బ్యాంకు 2017లో స్టేట్ బ్యాంకులో లీనమయ్యెను. అది ఒక శతాబ్దముపాటు ఆ సీమ వ్యాపారమునకు ఊతయై నిలిచెను.

మనకును నేడు ఇట్టి సంస్థలు లేకపోలేదు. హైదరాబాదునకు 2008లో మహానగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. ఆంధ్రరాష్ట్రమున రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ 2014లో పుట్టి, 2020లో రద్దయి, 2021లో మరల ప్రాణము పోసికొన్నది. పాలకులు మారినప్పుడెల్ల మారు సంస్థ పదేండ్ల పనిని తలపెట్టజాలదు. భూమిని కొలిచి, చీల్చి, బాటలు వేయుట అవసరమే. కాని ఆ భూమిపై ఏ విద్య, ఏ పెట్టుబడి, ఏ పరిశోధన కలియవలెనో నిర్ణయించి కలుపనిచో మిగులునది స్థలముల బేరమే. పొలము నమ్ముకొన్న రైతును, పట్టణమున అంగడి పెట్టుకొన్న వర్తకుడును ఆ సభలలో కూర్చుండి ఏటేట లెక్క అడుగు హక్కు పొందవలెను. అట్టి హక్కు గల సంస్థను రద్దుచేయుట ఏ ప్రభుత్వమునకును సులభము కాదు.

విశ్వేశ్వరయ్యగారు 1934లోనే భారతదేశమునకు ప్రణాళికాబద్ధమగు ఆర్థికవ్యవస్థ కావలెనని గ్రంథము వ్రాసిరి. 1955లో భారతరత్న బిరుదమును పొందిరి. నూరేండ్ల ప్రాయమున 1962 ఏప్రిలులో పరమపదించిరి. సెప్టెంబరు 15వ తేదీని మనము ఇంజనీర్ల దినముగా జరుపుకొని, వారి విగ్రహములకు పూలమాలలు వేయుచున్నాము. అధికారులు, రైతులు, వర్తకులు, ఆచార్యులు ఒక్క బల్లచుట్టు కూర్చుండి తమ సీమ లెక్కలను తామే తేల్చుకొను సభను ప్రతి జిల్లాలోను నెలకొల్పి, దానిని నిలుపుకొనుట ఆ మహనీయునకు తగిన పూజ.