గోలకొండ చెఱలో గోపన్న

తలచినదొకటి, అయినది మఱియొకటి యను మాట మన యిండ్లలో తఱచుగా వినబడును. పంట కోతకు వచ్చిన వేళ తుపాను కొట్టుకొనిపోవును. ముసలితనమున ఆదుకొనునని నమ్మిన కుమారుడు వ్యాధిపాలగును. అట్టి వేళల దైవమును నమ్ముకొనుడని పెద్దలు చెప్పుదురు. నమ్ముకొనుట యన నేమి? కోరినది తుదకు దొరకునని యెదురుచూచుటయా? చేతులు ముడుచుకొని కూర్చుండుటయా? ఈ ప్రశ్నకు శాస్త్రచర్చకంటె మన తెలుగునాట జీవించిన యొక మనుష్యుని చరిత్రయే మంచి సమాధానము. ఆయన కంచెర్ల గోపన్న. భక్త రామదాసని లోకప్రసిద్ధుడు.

హైదరాబాదు నగరమునకు తూర్పుననున్న ఉప్పల్, నాచారం, బోడుప్పల్ వాడలలో శ్రీరామనవమి పందిళ్ల క్రింద ఆయన కీర్తనలను పాడుకొందురు. ఆ పాటలలో పెక్కింటికి పుట్టినిల్లుగా జనులు చెప్పుకొను చీకటిగది మాత్రము నగరమునకు పడమటి కొసనున్న గోలకొండకోటలో నున్నది. ఆ గదికి గోపన్న యెట్లు చేరెనో, అందేమి పొందెనో తెలిసికొన్నవారికి ఆ పాటల యర్థము రెట్టింపగును.

గోపన్న పదునేడవ శతాబ్దమువాడు. నేటి ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి ఆయన జన్మస్థలము. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. గోలకొండ తుది సుల్తానగు అబుల్ హసన్ తానీషా 1672లో సింహాసన మెక్కెను. ఆయన కొలువున సర్వాధికారము వహించిన అక్కన్న మాదన్నలు గోపన్నకు మేనమామలని సంప్రదాయము. వారి ప్రాపున గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారయ్యెను. రైతులనుండి సిస్తు వసూలు చేసి ఖజానాకు చేర్చుట ఆయన పని. వంశగౌరవము, విద్య, అధికారము, దర్బారులో మేనమామల పలుకుబడి - ఇన్ని కలిగినవాని భవిష్యత్తు సుఖముగా సాగునని యెవరైన తలచియుందురు.

ఆ పరగణాలోనే గోదావరి యొడ్డున భద్రగిరి కలదు. అచ్చటి సీతారామలక్ష్మణ మూర్తులను దమ్మక్క యను భక్తురాలు కనుగొని, తాటాకుపందిరి వేసి పూజించుచుండెనని స్థలపురాణము. గోపన్న ఆ పందిరిని చూచి ఆలయము కట్టింప సంకల్పించెను. చందాలు చాలలేదు. చేతిలో సర్కారు సొమ్మున్నది. దానిని వెచ్చించి గర్భగుడి, మండపములు, ప్రాకారములు కట్టించెను. దేవునికి నగలు చేయించెను. ఆ మొత్తము ఆరు లక్షల వరహాలని చెప్పుదురు. దేవుని పని గనుక ప్రభువు తరువాతనైన సమ్మతించునని ఆయన యెంచెను కాబోలు. ప్రభువు సమ్మతింపలేదు. గోపన్నను గోలకొండకు కొనివచ్చి చెఱలో నుంచిరి.

ఇచ్చట భక్తిపేర మనము కన్నులు మూసికొనరాదు. సిస్తు రైతు చెమట. దానిని వసూలు చేయువాడు ధర్మకర్తయే గాని యజమాని కాడు. ఎంత పుణ్యకార్యమునకైనను ఆ సొమ్మును అనుమతి లేక వాడుట తప్పే. తానీషా లెక్క యడుగుట అన్యాయము కాదు. అడిగిన విధము మాత్రము క్రూరమైనది. పన్నెండేండ్లు చెఱ, కొరడాదెబ్బలు, ఆకలి. మేనమామల యధికారము ఆ తలుపును తెఱవజాలలేదు. తాను గుడి కట్టించిన దేవుడును వెంటనే రాలేదు.

ఆ పన్నెండేండ్లు గోపన్న యేమి చేసెను? మౌనముగా సహించెనని చెప్పిన అసత్యమగును. ఆయన కీర్తనలను చూడుడు. ఒకదానిలో సీతమ్మకు, లక్ష్మణ భరత శత్రుఘ్నులకు చేయించిన నగలను, వాని వెలలను తహసీలుదారువలెనే వరుసగా లెక్కచెప్పును. ఎవరి సొమ్మని కులుకుచున్నావని రాముని నిలదీయును. వెంటనే దెబ్బలకు తాళలేక తిట్టితినని, కోపింపవలదని వేడుకొనును. మఱియొకచోట సీతమ్మను తనపక్షమున సిఫారసు చేయుమని బతిమాలును. ఇది అవిశ్వాసము కాదు. నమ్మనివానితో ఎవడును ఇంత చనువుగా పోట్లాడడు. బాధను దాచుకొనక దైవముముందే పెట్టుట, ఆ దైవమును విడిచి మఱియొక వాకిటికి పోకుండుట - ఇదియే గోపన్న నమ్మకము. దానియందు వేదన యున్నది, నిష్ఠూరమున్నది. త్యాగము లేనిది వైముఖ్యమునకే.

కాలము ఆయనపై మఱియొక పని మోపియుండెను. తహసీలుదారుగానే జీవించియున్నచో గోపన్న ఒక మంచి గుడి కట్టించిన యుద్యోగిగా ఆ ప్రాంతమున మిగిలియుండెడివాడు. చెఱ ఆయనను తెలుగువారి వాగ్గేయకారుని చేసెను. రాతిగుడి భద్రాద్రిని దాటి రాదు; పాటలగుడి తంజావూరు సీమదాక పోయెను. తరువాతి శతాబ్దమున జన్మించిన త్యాగరాజు తన కృతులలో రామదాసును పేర్కొని గౌరవించెను. ఇంచుమించు ఆ కాలముననే ఇంగ్లండులో జాన్ బన్యను బెడ్‌ఫర్డ్ చెఱలో 1660 మొదలు 1672 వఱకు పన్నెండేండ్లు గడపెను. అనుమతి లేక మతబోధ చేయుట ఆయన నేరము. అట్టి బాధలనుండి పుట్టిన యాత్రికుని ప్రయాణము 1678లో వెలువడి ప్రపంచభాషల కెక్కెను. తిలకు మహాశయుడు 1908 నుండి 1914 వఱకు మాండలే చెఱలో నుండి గీతారహస్యమును రచించెను. చెఱ మంచిదని దీని యర్థము కాదు. మనుష్యుడు మూసిన తలుపు దైవమునకు మూతపడదని మాత్రమే.

తుదకు రామలక్ష్మణులు సేవకుల వేషమున తానీషా శయ్యాగృహమునకు వచ్చి, పైకము చెల్లించి, రశీదు పుచ్చుకొని పోయిరని కథ. దీనిని చరిత్రగా గైకొన్నను, భక్తుల భావనగా గైకొన్నను, అందొక విశేషమున్నది. ఆ కథలో రాముడు కోటగోడలు కూల్చలేదు, ప్రభువును శిక్షింపలేదు, బాకీని రద్దు చేయలేదు. పూర్తిగా చెల్లించి చీటి తీసికొనెను. దైవానుగ్రహము లెక్కను తప్పించునది కాదు, తీర్చునది. ఈ నీతి సిస్తు కట్టువారికిని, కట్టించుకొనువారికిని, పదిమంది సొమ్ము చేతపట్టిన ప్రతి ధర్మకర్తకును పనికివచ్చును.

ఇక చెఱ వేసిన ప్రభువు కథయు మనకు వలసినదే. తానీషా సింహాసనమునకై పెరిగినవాడు కాడు. షా రాజు అను సూఫీగురువు నాశ్రయించి ఏండ్లకొలది ఫకీరువలె గడపినవాడు; ఊహింపని విధమున రాజయ్యెను. 1686లో ఆయన మంత్రులగు అక్కన్న మాదన్నలు హత్యకు గురియైరి. 1687లో ఔరంగజేబు దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించిన పిదప గోలకొండ పడిపోయెను. మొగలాయి సర్దారులు లోనికి వచ్చినపుడు తానీషా కలతపడక వారిని మర్యాదగా పలుకరించి, ఫలాహారము తెప్పించి భుజించెనని చరిత్రకారుడు ఖాఫీఖాన్ వ్రాసెను. ఈ వేళ తిండి యెట్లు సహించునని వారడుగగా, పేదరికమును రాజ్యమును ఇచ్చినవాడు దేవుడేయనియు, ఇపుడిచ్చినదియు ఆయన యిచ్చినదేయనియు భావము వచ్చునట్లు సమాధానమిచ్చెనట. పిమ్మట ఆయనను దౌలతాబాదుకోటకు గొనిపోయిరి. సుమారు పన్నెండేండ్లు బందీగా నుండి ఆయన అచ్చటనే కన్నుమూసెను. చెఱలోనున్నవాడును, చెఱ వేసినవాడును తుద కొక్క పాఠమునే చదివిరి.

గోలకొండరాజ్యము పోయెను, దాని తరువాతి నిజాముల రాజ్యమును 1948లో పోయెను. భద్రాద్రి కల్యాణమునకు ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము మాత్రము పోలేదు. అది తానీషాతో మొదలైనదని ప్రతీతి. ఒకనాడు లెక్క యడిగిన సర్కారే నేడు శ్రీరామనవమినాడు కానుక తెచ్చుచున్నది. గోపన్న తాను కోరుకొన్నదానిలో దీనిని లెక్కించియుండడు.

కావున పాఠకులారా! మన యత్నము విఫలమైనపుడు మొదట మన లెక్క సరిచూచుకొందము. తప్పున్నచో తీర్చుకొందము. దుఃఖమున్నచో దైవముతోనే చెప్పుకొందము. అటుపిమ్మట చేతిలో మిగిలిన పనిని విడువక చేయుదము. గోపన్న చేతిలో తుదకు మిగిలినది గొంతొక్కటే. దానితోనే ఆయన తన దినములను గడపెను. ఆ దినములనుండియే మన పండుగలకు పాటలు వచ్చినవి.