రాళ్లను కొలిచిన ఆచార్యుడు: కీ.శే. కలమూర్ మహాదేవన్ గారు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు నెల రోజులుగా అడుగుతున్నారు. పింఛను బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటే బాగా రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసినవి రెండే, రాళ్లూ నీళ్లూ. ఉద్యోగమంతా వాటితోనే గడిచింది. అందుకని ఆ విద్యలో పెద్దవారైన ఆచార్య కలమూర్ మహాదేవన్ గారి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయనను నేను చూడలేదు. ఆయన పోయిన 1962 నాటికి నేను తొగుట బడిలో చదువుకుంటున్న పిల్లవాణ్ణి. కాని నాకు ఉస్మానియాలో పాఠం చెప్పిన గురువుగారు ఆయన శిష్యులు. ఆ లెక్కన ఆయన నాకు తాతగారి వరస.

ముందు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. అది లేకపోతే ఈయన మీద నాకు ఇంత గౌరవం ఎందుకో మీకు తెలియదు. 1980ల్లో, కొత్తగా ఉద్యోగంలో కుదురుకున్న రోజుల్లో, మా చిన్నాయన పల్లెపహాడ్ వైపు తన చెలకలో బోరు వేసుకుంటానని, చోటు చూపించమని అడిగాడు. చదువుకున్న కొడుకు ఇంట్లో ఉండగా కొబ్బరికాయ పట్టుకుని నడిచేవాడి దగ్గరకు ఎందుకు పోవాలని ఆయన ధీమా. నేను పొలమంతా ఒకసారి తిరిగి, ఒక పల్లం, అక్కడ పచ్చగా ఉన్న రెండు చెట్లు చూసి వేలు పెట్టి చూపించాను. యంత్రం దింపి కొలవలేదు. అయినవాళ్ల పనికి అంత తతంగం ఏమిటనుకున్నాను. రెండు వందల అడుగులు దిగినా పొడి దుమ్మే లేచింది. చిన్నాయన ఒక్క మాట కూడా అనలేదు. ఆ దసరాకు ఎడ్లజత అమ్మాడని మాత్రం చిన్నమ్మ ద్వారా తెలిసింది.

ఈ సంగతి నేను సిగ్గుపడుతూ చెప్పుకుంటే మా గురువుగారు నన్ను తిట్టలేదు. మహాదేవన్ గారి కథ మొదలుపెట్టారు. అప్పటినుంచి దొరికినప్పుడల్లా ఆయన గురించి చదువుతూ వచ్చాను.

మహాదేవన్ గారు 1901లో పుట్టారు. ఆయన మొదట పట్టుకున్నది సుత్తి కాదు. కలకత్తాలో బౌబజారు వీధిలోని సైన్సు సంస్థలో సర్ సి.వి. రామన్ గారి దగ్గర పరిశోధకుడిగా చేరారు. రామన్ ఎఫెక్ట్ బయటపడింది 1928లో, దానికి నోబెల్ బహుమతి వచ్చింది 1930లో. ఆ వెలుగంతా కాంతి మీద, ద్రవాల మీద ఉన్న కాలంలో ఈయన మాత్రం భౌతికశాస్త్రం పరికరాలతో రాళ్లను చూడటం మొదలుపెట్టారు. 1927లోనే కార్డిరైట్ అనే ఖనిజంలో కనిపించే రంగు వలయాల మీద వ్యాసం అచ్చువేశారు. రాయిని కాగితమంత పలచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, కొన్నిచోట్ల ఇసుక రేణువుకన్నా చిన్న గింజ చుట్టూ వలయాకారంలో రంగు పట్టి ఉంటుంది. ఆ గింజలో యురేనియమో థోరియమో ఉండి, కోట్ల సంవత్సరాలు కిరణాలు వదులుతూ చుట్టూ ఉన్న ఖనిజాన్ని కాల్చినట్టు మరకపెడుతుంది. ఒక రాయి తన వయసును తానే గుర్తుపెట్టుకోవడం లాంటిది ఇది. తరువాత బొగ్గు మీద పడ్డారు. బొగ్గు పెళ్లను విరిచి చూస్తే మెరిసే పొర ఒకటి, మసకగా ఉండే పొర ఒకటి కనిపిస్తాయి. సింగరేణి ప్రాంతంలో పనిచేసిన మన సభ్యులకు ఇది నేను చెప్పనక్కరలేదు. ఆ రెంటి మీదా ఎక్స్ కిరణాలు పంపి, లోపలి అమరిక ఎలా ఉందో పోల్చి చూశారు. బొగ్గును పొయ్యిలో పెట్టి తూకం వేసి చూడటమే పరీక్ష అనుకునే రోజుల్లో ఇది కొత్త చూపు.

అంత పెద్ద గురువు నీడలో, నగరంలోని ప్రయోగశాలలో ఉన్న మనిషి దాన్ని వదిలి 1930ల్లో మన నైజాముకు వచ్చారు. హైదరాబాదు సంస్థానానికి సొంత భూగర్భ సర్వే ఉండేది. కెప్టెన్ లియొనార్డ్ మన్ అనే ఆంగ్లేయుడు దాన్ని నడిపించేవాడు. రాయచూరు ప్రాంతపు పాత బంగారు గనులను శ్రద్ధగా పరిశీలించినవాడు ఆయన. హట్టి దగ్గర పూర్వీకులు ఆరు వందల అడుగుల పైచిలుకు లోతుకు బంగారం కోసం తవ్వారంటే నమ్మబుద్ధి కాదు గాని, అది నిజం.

ఆ సర్వేలో మహాదేవన్ గారు చేసిన పని నడక. అప్పటి సర్వే ఉద్యోగం ఎలా ఉండేదో మనలో పాతవారికి కొంత తెలుసు. చలికాలం రాగానే డేరాలు, వంటసామాను బండి మీద వేసుకుని బయలుదేరాలి. భుజాన సంచిలో సుత్తి, దిక్సూచి, సున్నపురాయి పొంగుతుందో లేదో చూసుకునేందుకు ఆమ్లం సీసా ఉండేవి. నడిచిన ప్రతి వాగూ, ఎక్కిన ప్రతి గుట్టా పటం మీదికి ఎక్కాలి. ఎండలు ముదిరాక తిరిగివచ్చి సంచుల్లో తెచ్చిన రాళ్లు పరీక్షించి నివేదిక రాయాలి. ఆయన గుల్బర్గా జిల్లా సురపురం తాలూకాలో దక్షిణ, నైరుతి భాగాల భూవిజ్ఞానం వివరంగా రాశారు. అది హైదరాబాదు సర్వే పత్రికలో 1947లో వచ్చింది.

సురపురం ఎక్కడో, మనకేమిటి అనుకోకండి. ఆ చుట్టుపక్కలది భీమా నది పేరు పెట్టిన రాళ్ల వరుస. మనలో నూటికి ఎనభై మంది ఇళ్లలో నేలకు పరిచిన షాబాద్ బండ ఆ వరుసలోదే. పలుగుతో లేపితే పలకలు పలకలుగా లేచివచ్చే సున్నపురాయి అది. మా ఇంటి అరుగు మీద ఇప్పటికీ ఆ బండలే ఉన్నాయి. మనుమలు టైల్సు వేయించుకుందామంటే నేనే ఒప్పుకోలేదు. ఆ భీమా రాళ్లలోనే, సురపురానికి పొరుగున ఉన్న షాపూర్ తాలూకా గోగి దగ్గర, తరువాతి కాలంలో అణు ఖనిజాల శాఖవారు యురేనియం కనుక్కున్నారు. దాన్ని కనిపెట్టినవారు వేరు. కాని ఒక ప్రాంతంలో ఏ రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ముందుగా ఎవరో నడిచి గీసి పెట్టకపోతే, వెనుక వచ్చేవాడు ఎక్కడని వెతుకుతాడు? మన రెవెన్యూ మిత్రులకు పాత సేత్వారు విలువ తెలిసినట్టే, మాకు ఈ పాత పటాల విలువ తెలుసు.

1940ల్లో ఆయన జీవితం మరో మలుపు తిరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞాన శాఖను నిలబెట్టే పని ఆయన చేతికి వచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు ఉపాధ్యక్షులుగా ఉన్న కాలం. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద జపాను వాళ్లు బాంబులు వేశాక విశ్వవిద్యాలయం కొన్నాళ్లు గుంటూరుకు తరలి వెళ్లింది. ఆ దశకంలో కొత్త శాఖ ఒకటి పెంచడమంటే సూక్ష్మదర్శినులు, రాళ్ల నమూనాలు, పుస్తకాలు, అన్నీ కూడబెట్టుకోవాలి. ఇవి సంపాదించడం ఎంత కష్టమో, ఇండెంటు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనకు తెలియనిది కాదు.

ఆయన అక్కడ చేసిన తెలివైన పని ఏమిటంటే, విశ్వవిద్యాలయం కాంపౌండు గోడ బయట ఏముందో అదే పరిశోధన వస్తువు చేసుకున్నారు. ముందు సముద్రం, వెనుక తూర్పు కనుమలు. వాల్తేరు ఒడ్డున నల్ల ఇసుక చారలు అందరూ చూసినవే. పిల్లలు దానిలో అయస్కాంతం తిప్పి ఆడుకుంటారు. దానిని తూర్పు కనుమల రాళ్లు అరిగి వచ్చిన ఖనిజాల మూటగా ఆయన చూశారు. 1948లో శిష్యులు శ్రీరామదాస్ గారితో కలిసి విశాఖ జిల్లా తీరపు ఇసుకలో మోనజైట్ ఉందని వ్యాసం రాశారు. మోనజైట్‌లో థోరియం ఉంటుంది. తిరువాన్కూరు తీరం నుంచి ఒకప్పుడు విదేశీ కంపెనీలు గ్యాసు దీపాల మాంటిళ్ల కోసం ఎగుమతి చేసుకున్న ఇసుక ఇదే. అణుశక్తి కాలం వచ్చేసరికి దాని విలువ మారిపోయింది. కలకత్తాలో కిరణాల మరక పడిన చిన్న గింజను చూసిన కన్నే ఇరవై ఏళ్ల తరువాత ఒడ్డున ఇసుకను చూసిందని నాకు అనిపిస్తుంది.

శ్రీకాకుళం, విశాఖ జిల్లాల మాంగనీసు సంగతి మరొకటి. కోడూరు, గర్భాం గనుల్లో 1890ల నుంచే తవ్వకం ఉంది. ఆ ఖనిజం కరిగిన రాతి ద్రవం చల్లబడి వచ్చిందని ఫెర్మర్ అనే పెద్ద శాస్త్రవేత్త చాలాకాలం కింద చెప్పివున్నాడు. పెద్దవాడు చెప్పాడని ఊరుకోకుండా మహాదేవన్ గారు, జె.ఎస్.ఆర్. కృష్ణారావు గారు మళ్లీ మొదటినుంచి పరీక్షించి 1956లో ఆ ఖనిజం పుట్టుక మీద రాశారు. పుట్టుక తెలిస్తే ఏమిటి లాభమని కొందరు అడుగుతారు. నీటి అడుగున పొరగా ఏర్పడిన ఖనిజమైతే పొర వెంబడి వెతకాలి, కరిగి చొచ్చుకువచ్చినదైతే మరోవిధంగా వెతకాలి. తప్పుచోట గొయ్యి తవ్వితే డబ్బు ఎవరిదో ఒకరిది పోతుంది. మా చిన్నాయన ఎడ్లజత నాకు జ్ఞాపకం వచ్చేది ఇక్కడే.

ఇక సముద్రం. 1952లో ఇ.సి. లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త వాల్తేరు వచ్చాడు. తరువాత మరోసారి కూడా వచ్చి పనిచేశాడు. విశ్వవిద్యాలయానికి సొంత ఓడ లేదు. నౌకాదళం వారి ఓడల మీద వెళ్లి సముద్రం అడుగు మట్టి తీసి తెచ్చేవారు. దాని మీద మహాదేవన్ గారు ఎం. పూర్ణచంద్రరావు గారితో కలిసి రాశారు. విశాఖ బీచి ఎందుకు కోసుకుపోతున్నదన్న ప్రశ్న కూడా తీసుకున్నారు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, చలికాలంలో వెనక్కు తెస్తాయి. మధ్యలో రేవు ముఖద్వారం ఆ ఇసుకను పట్టి ఆపితే అవతలి ఒడ్డుకు అందదు. నెలనెలా ఒడ్డు ఎత్తు కొలిచి లెక్కలు కడితేగాని ఇది తేలదు. 1958లో విశాఖ బీచి పరిణామం మీద ఆయన పేరుతో, ప్రసాదరావు గారి పేరుతో వచ్చిన వ్యాసం ఇప్పటికీ చదవదగ్గది.

శిష్యులను తయారుచేయడంలో ఆయనకు ఒక పద్ధతి కనిపిస్తుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క దారి చూపించారు. ఒకరికి ఇసుక, ఒకరికి మాంగనీసు, ఒకరికి సముద్రపు మట్టి. యు. అశ్వత్థనారాయణ గారికి రాళ్ల వయస్సు. 1955లో గురుశిష్యులిద్దరూ కలిసి మన దేశపు అతిప్రాచీన శిలల వయోభేదాల మీద రాశారు. వ్యాసాల మీద తన పేరు పక్కన పిల్లల పేరు వేయించడం ఆయన అలవాటు. ఆఫీసుల్లో కిందివాడు రాసిన నోటు మీద పైవాడి సంతకం ఒక్కటే మిగిలే పద్ధతి చూసిన మనకు ఇది చిన్న విషయం కాదు.

షష్టిపూర్తి సందర్భంగా ఆయన గౌరవార్థం ఒక వ్యాస సంపుటం 1961లో వచ్చింది. దాన్ని అచ్చువేసింది మన ఉస్మానియా విశ్వవిద్యాలయం ముద్రణాలయమే. విద్యార్థిగా లైబ్రరీలో ఆ పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఒక్క వ్యాసం కూడా పూర్తిగా అర్థం కాలేదు. మరుసటి ఏడే, 1962 ఏప్రిల్‌లో, ఆయన కాలం చేశారు. మన లెక్కన పింఛను మొదలై రెండు మూడేళ్లు అయ్యే వయస్సు.

లాఫాండ్ ఆయనను మరిచిపోలేదు. తూర్పు తీరానికి ఎదురుగా, సముద్రగర్భపు వాలులో నిలువునా కోసుకుపోయిన పెద్ద లోయలున్నాయి. వాటి మీద 1964లో రాసిన వ్యాసంలో ఒకదానికి ఆంధ్ర లోయ అని, మరొకదానికి మహాదేవన్ లోయ అని పేర్లున్నాయి. జీవితమంతా నేల మీద నడిచిన మనిషి పేరు నీళ్ల అడుగున నిలిచింది.

మా చిన్నాయన పొలం సంగతి మధ్యలో వదిలేశాను. గురువుగారి మాటలు విన్న తరువాత సెలవు పెట్టి, మిత్రుడి దగ్గర విద్యుత్ నిరోధం కొలిచే యంత్రం అడిగి తెచ్చి, నాలుగు కడ్డీలు భూమిలో దించి, రెండు రోజులు పొలమంతా కొలిచాను. నేను వేలు చూపించిన పల్లం కింద పదిహేను అడుగులకే గట్టి బండ ఉంది. చెట్లు పచ్చగా ఉన్నది పైన నిలిచిన తడి వల్ల. పైగట్టున, ఎవరూ అనుకోని చోట, రాయి లోతుగా మెత్తబడి ఉంది. అక్కడ రెండించుల నీళ్లు పడ్డాయి. పెద్ద ధార ఏమీ కాదు. మక్కలకు, ఇంటి వాడకానికి సరిపోయింది. చిన్నాయన ఎడ్లను మళ్లీ కొన్నాడు గాని, అవి మునుపటి జతలాంటివి కావని చివరిదాకా అనేవాడు.

ఇప్పుడు ఆ బోరు లేదు. పల్లెపహాడ్, వేములఘాట్, ఏటిగడ్డకిష్టాపూర్ ఊళ్లతోపాటు ఆ చెలక కూడా మల్లన్నసాగర్‌లో మునిగింది. 2022 ఫిబ్రవరిలో జలాశయం ప్రారంభమయ్యాక ఒకసారి కట్ట మీదికి వెళ్లాను. యాభై టి.ఎం.సి.ల నీళ్ల కోసం కట్టిన చెరువు అది. రెండించుల నీళ్ల కోసం రెండు రోజులు కడ్డీలు దించిన చోటు ఎక్కడుంటుందా అని చూశాను. పాత పటం నా దగ్గర ఉంది. కట్ట మీద నిలబడి దిక్సూచితో దిశ పట్టి, సుమారుగా ఇక్కడ అని మనుమడికి చూపించాను. వాడు సెల్‌ఫోనులో ఫొటో తీసుకున్నాడు. ఫొటోలో నీళ్లే ఉన్నాయి.