గడప దాటని కొడుకు

రంగం అనే మాట వినని ఇల్లు ఒకప్పుడు మన ఉత్తర సర్కారులలో అరుదు. కాకినాడలోనో, విశాఖపట్నంలోనో ఓడ ఎక్కి రంగూను చేరి, అక్కడి రేవులో, బియ్యపు మిల్లులలో మూటలు మోసి ఇంటికి నాలుగు రూకలు పంపిన తెలుగువాళ్లు వేలకు వేలు. వాళ్లను బర్మావాళ్లు మన కోరంగి రేవు పేరు పెట్టి కోరంగీలన్నారు. ఆ రంగూనులోనే 1925 ఫిబ్రవరి 28వ తేదీన ఒక ఆంగ్ల సైనికుని ఇంట ఒక మగశిశువు జన్మించాడు. బర్మా అప్పటికి బ్రిటిష్ ఇండియాలో భాగమే; అది విడిపోయింది 1937లో. ఆ శిశువు పెరిగి పెద్దవాడై, తన దేశంలో కోట్లాది జనాన్ని కడుపుబ్బ నవ్వించి, ఆ నవ్వు మాటున కంట తడి పెట్టించిన నటుడైనాడు. ఆయన పేరు హారీ హెచ్. కార్బెట్.

పసితనంలోనే తల్లి కన్నుమూసింది. సైన్యంలో ఉన్న తండ్రి బిడ్డను దగ్గర ఉంచుకుని సాకగల స్థితిలో లేడు. పిల్లవాణ్ణి సముద్రాలు దాటించి మాంచెస్టర్ నగరానికి పంపారు. అక్కడ ఆర్డ్విక్ అనే కార్మికుల పేటలో బంధువైన ఒక ఇల్లాలు తల్లి అయి పెంచింది. పిల్లవాడు చురుకైనవాడు. పరీక్షలో నెగ్గి గ్రామర్ స్కూలులో చోటు సంపాదించినా, అక్కడ చేరే యోగం పట్టలేదు. సామాన్యులు చదివే బడితోనే తృప్తి పడవలసి వచ్చింది. చేతికి అందిన విద్య నోటికి అందకుండా పోయిన ఈ చిన్న సంఘటన, తరువాతి కాలంలో ఆయన ధరించిన పాత్రను తలచుకున్నప్పుడు తప్పక జ్ఞాపకం వస్తుంది.

రెండవ ప్రపంచయుద్ధంలో ఆయన రాయల్ మెరైన్స్ దళంలో పనిచేశాడు. యుద్ధం ముగిసిన తరువాత ఎక్స్‌రే తీసే పని నేర్చుకోబోయి, దానిని విడిచి నాటకాలలో చేరాడు. 1950 తరువాత జోన్ లిటిల్‌వుడ్ అనే ప్రతిభావంతురాలు నడిపిన థియేటర్ వర్క్‌షాపు ఆయనకు గురుకులమైంది. ఆ సమాజం 1953లో తూర్పు లండనులో ఒక పాత నాటకశాలను నివాసం చేసుకున్నది. ధనం లేదు, నటులే నాటకశాలను ఊడ్చుకునేవారు, వచ్చిన కొద్దిపాటి డబ్బు పంచుకునేవారు. కాని అక్కడి సాధన సామాన్యమైనది కాదు. పాత్ర నోట మాట పలికేముందు ఆ మాట మనస్సులో ఎందుకు పుట్టిందో నటుడు తెలుసుకోవాలన్నది వారి నియమం. 1955లో షేక్స్‌పియర్ రచించిన రెండవ రిచర్డు నాటకంలో కార్బెట్ రాజవేషం ధరించి విమర్శకుల దృష్టిని ఆకర్షించాడు. ఇంగ్లండుకు ఒక మార్లన్ బ్రాండో దొరికాడని కూడా కొందరు అన్నారు.

ఆయన పేరులోని హెచ్ అనే అక్షరానికి ఒక కథ ఉన్నది. ఆ రోజులలోనే మరొక హారీ కార్బెట్ బొమ్మలాటలాడించి పిల్లలకు ప్రియమైనవాడై ఉన్నాడు. ఆయనను, తనను లోకం ఒకరనుకోకుండా మన కార్బెట్ పేరు నడుమ ఆ అక్షరం చేర్చుకున్నాడు. అది దేనికి సంక్షేపమని అడిగితే ఏదైనా కావచ్చునని హాస్యమాడేవాడట. తన పేరును వేరొకరి పేరునుండి అంత జాగ్రత్తగా కాపాడుకున్న మనిషి, చివరకు తాను ధరించిన పాత్ర పేరునుండి మాత్రం దానిని కాపాడుకోలేకపోయినాడు.

ఆ పాత్ర పేరు హెరాల్డ్ స్టెప్టో. రే గాల్టన్, ఆలన్ సింప్సన్ అనే జంటరచయితలు బి.బి.సి. టెలివిజన్ కోసం కొన్ని విడి నాటికలు రచిస్తూ, వాటిలో ఒకదానికి తండ్రీకొడుకులను పాత్రలుగా తీసుకున్నారు. లండనులో గుర్రపుబండి మీద వీధివీధీ తిరిగి పాతగుడ్డలు, ఇనుపముక్కలు, విరిగిన సామాను పోగుచేసి అమ్ముకుని బ్రతికేవారు వాళ్లు. తండ్రి ఆల్బర్ట్ స్వార్థపరుడు, మురికివాడు, జిత్తులమారి. కొడుకుకు నడివయస్సు సమీపిస్తున్నా పెండ్లి లేదు. మంచి సంగీతం వినాలని, మంచి పుస్తకాలు చదవాలని, పెద్దమనుషుల సరసన నిలబడాలని తహతహ. రచయితలు ఈ పాత్రలకు హాస్యగాండ్రను కోరలేదు, నటులనే కోరారు. తండ్రి వేషం డబ్లిన్ నగరంలో పుట్టిన విల్ఫ్రిడ్ బ్రాంబెల్‌ది. ఆ ముసలి తండ్రి నిజానికి ఈ కొడుకు కంటె పదమూడేండ్లు మాత్రమే పెద్ద!

1962 జనవరి 5వ తేదీన ప్రసారమైన ఆ మొదటి నాటికలో కథ అంటూ పెద్దగా లేదు. కొడుకు ఇల్లు విడిచి పోదామని నిశ్చయించుకుంటాడు. తాను కూడబెట్టుకున్న చిల్లర సామానంతా బండిలోకి ఎక్కిస్తాడు. తండ్రి గుర్రాన్ని ఇవ్వనంటాడు. కొడుకు తానే కాడి పట్టుకుని లాగుతాడు, బండి కదలదు. మళ్లీ లాగుతాడు, అంగుళం కదలదు. అప్పుడు ఏడుస్తాడు. తండ్రి మెల్లగా వచ్చి, కొడుకును బుజ్జగించి లోపలికి తీసుకుపోతాడు. ఆ రోజు కార్బెట్ కండ్లనుండి కారినవి నిజమైన కన్నీళ్లని, అవి చూసి తాము విస్తుపోయామని రచయితలు అనంతర కాలంలో చెప్పుకున్నారు. ఆ కదలని బండిలోనే ధారావాహిక మొత్తానికి బీజం ఉన్నది. ఆ ఏడాది జూన్‌లో మొదలై 1965 వరకు, తిరిగి 1970 నుండి 1974 వరకు స్టెప్టో అండ్ సన్ సాగింది. మొత్తం 57 కథలు.

మన దేశంలో కొడుకు తండ్రి ఇంట ఉండిపోవటం వింత కాదు. ధర్మమని మన పెద్దలు చెప్పారు. కాని ఆ ధర్మాన్ని మోసేవాని మనస్సు ఎలా ఉంటుందో మనం తరచి అడగము. శ్రవణకుమారుడు కావడి మోస్తూ ఒక్కసారైనా విసుగుకున్నట్లు మన కథలో లేదు. హెరాల్డ్ మరొక రకం శ్రవణుడు. అడుగడుగునా విసుక్కుంటాడు, తిడతాడు, దించి పోతానని బెదిరిస్తాడు. కాని కావడి దించడు. ఆ విసుగులో ప్రేమ ఎంత, భయం ఎంత, అలవాటు ఎంత అన్నది తేల్చి చెప్పటం కష్టం. ఆ మూడింటినీ ఒక్క చూపులో చూపగలగటమే కార్బెట్ ప్రతిభ. తండ్రి ఇల్లంటే ఎట్లా ఉంటుందో బాల్యంలో ఎరుగని మనిషి, తండ్రి ఇల్లు విడువలేని కొడుకుగా లోకానికి పరిచితుడు కావటం విధి విలాసమనవలె.

ఆ కథల ప్రాచుర్యం ఎంతటిదంటే, 1964 అక్టోబరు 15న అక్కడ సాధారణ ఎన్నికలు జరుగుతుంటే, ఆ సాయంకాలం స్టెప్టో ప్రసారమైతే తమ వోటర్లు ఇల్లు కదలరని లేబరు నాయకుడు హెరాల్డ్ విల్సన్ కలత చెందాడు. బి.బి.సి. అధిపతి హ్యూ గ్రీన్‌తో మాట్లాడి, పోలింగు ముగిసే వేళవరకు దానిని వెనుకకు జరిపించాడు. లేబరు పక్షం కేవలం నాలుగు స్థానాల ఆధిక్యంతో నెగ్గింది. కార్బెట్ కూడా ఆ పక్షం అభిమానే.

1972 నాటి ఒక కథలో తండ్రీకొడుకులు ఇంటి నడుమ అడ్డుగోడ కట్టుకుంటారు. టెలివిజన్ పెట్టె సగం ఒకరివైపు, సగం మరొకరివైపు. మన పల్లెలలో వాటాలు పంచుకున్న ఇండ్లు చూసినవారికి ఈ దృశ్యం చూసి నవ్వాలో ఏడవాలో తోచదు. అదే ఏడాది అమెరికాలో ఈ కథ శాన్‌ఫర్డ్ అండ్ సన్ పేరుతో, నల్లజాతి తండ్రీకొడుకుల కథగా కొత్త రూపం ధరించింది. తండ్రీకొడుకుల కలహానికి దేశభాషల ఎల్లలు లేవు కదా!

ఇంతటి కీర్తికి కార్బెట్ చెల్లించిన మూల్యం తక్కువ కాదు. పద్యనాటకాల రోజులలో కృష్ణవేషం వేసిన నటుణ్ణి మన ఊళ్లలో కృష్ణుడనే పిలిచినట్లు, జనం ఆయనను హెరాల్డ్‌గానే చూశారు. వెండితెర మీద కనిపించినా వచ్చిన వేషాలలో ఎక్కువ హాస్యపాత్రలే. రిచర్డు రాజు మరుగున పడ్డాడు. 1976లో ప్రభుత్వం ఓ.బి.ఇ. బిరుదు ఇచ్చినప్పుడు కూడా, నడిమి అక్షరం జారిపోయి అది మొదట బొమ్మలాట కార్బెట్ పేర పడిందని, తరువాత ఇద్దరినీ జాబితాలో చేర్చారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఆ ఏటి జాబితాలో ఇద్దరి పేర్లూ ఉన్నమాట నిజం.

బ్రాంబెల్‌కు, ఆయనకు బద్ధవైరమని మరొక ప్రవాదం. 2008లో బి.బి.సి. ప్రసారం చేసిన ఒక నాటకం దానిని మరింత వ్యాప్తి చేసింది. కార్బెట్ కుటుంబంవారు అభ్యంతరం చెప్పారు. కుమార్తె సుసన్నా 2012లో ప్రకటించిన జీవితచరిత్రలో ఆ చిత్రణను నిరాకరించింది. ఇద్దరి స్వభావాలు వేరు, పనిచేసే పద్ధతులు వేరు. అంతమాత్రాన ద్వేషమని ఎందుకనుకోవలె? టెలివిజన్‌లో కథలు ముగిసిన తరువాత 1977లో ఆ ఇద్దరే తిరిగి జంటగా ఆస్ట్రేలియాలో అవే పాత్రలను రంగస్థలం మీద ప్రదర్శించారు.

1979లో కార్బెట్‌కు గుండెజబ్బు వచ్చింది. 1982 మార్చి 21న హేస్టింగ్స్‌లో ఆ జబ్బుతోనే మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 57 సంవత్సరాలు. తండ్రి వేషధారి బ్రాంబెల్ అటుపై దాదాపు మూడేండ్లు జీవించి 1985 జనవరిలో పోయినాడు. కథలో ఎన్నడూ గడప దాటలేని కొడుకు, జీవితంలో మాత్రం తండ్రికంటె ముందే దాటిపోయినాడు.

ఆ పాత్ర ఒక మహానటుణ్ణి మింగివేసిందని విమర్శకులు చెప్పే మాటలో సత్యం లేకపోలేదు. కాని పూర్ణసత్యం అది కాదు. సింహాసనం పోగొట్టుకున్న రాజు దుఃఖం నాటకశాలలో కొన్ని వందలమంది చూశారు. సింహాసనమనేదే ఎరుగని పాతసామాన్లవాడి గుండెలోనూ అంతటి దుఃఖమే ఉంటుందని కోట్లమంది తెలుసుకున్నది కార్బెట్ వల్లనే. రిచర్డు కోసం చేసిన సాధన వృథా పోలేదు. అదంతా ఒక పేదవాడి పాలబడింది. కదలని బండి ముందు కాడి పట్టుకుని నిలబడ్డ ఆ మనిషిలో తమను తాము చూసుకోని కొడుకులు ఏ దేశంలోనైనా తక్కువ. తమ ఇంట అటువంటి కొడుకున్న తండ్రులు కూడా ఆ కథను ఒకసారి చూడటం మంచిది.